మంచు కరిగే కాలంలో కొండదారి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వేసవి సెలవులకు హిమాలయాల వైపు నడకకు వెళ్ళాలనుకునే పాఠకుల ఉత్తరాలు ఈసారి ఎక్కువగా నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచే వచ్చాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒకచోట చేర్చి, అన్నిటికీ కలిపి ఒకే జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మేము నలుగురం ఉపాధ్యాయులం. మాకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. మంచు మీద నడవాలని చిరకాల కోరిక. మే నెలలో వెళ్తే మంచు మిగిలి ఉంటుందా? ఏ దారి ఎంచుకోవాలి? – ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: మీరు ఎంత ఎత్తుకు వెళ్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్ళినప్పుడల్లా ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కనుక, మంచు ముందు కింది లోయల్లో కరిగి, వారాలు గడిచేకొద్దీ ఆ కరిగే అంచు పైపైకి జరుగుతూ పోతుంది. అందువల్ల ముందు మీకు వీలైన తేదీలు ఖాయం చేసుకుని, ఆ రోజులకు మంచు ఏ ఎత్తున ఉంటుందో చూసి దారిని ఎంచుకోవాలి. చాలామంది ఇంటర్నెట్‌లో జనవరి ఫొటోలు చూసి, మే నెలలో అదే చోటికి వెళ్ళి నిరాశ పడుతుంటారు.

ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ఎత్తు సుమారు 3,800 మీటర్లు. అక్కడ మంచు చూడాలంటే డిసెంబరు నుంచి మార్చి వరకే వెళ్ళాలి. మీ సెలవులు మొదలయ్యేసరికి శిఖరం దగ్గర కొంత మిగులుతుందేమో కానీ దారి పొడవునా బురదే ఉంటుంది. దయారా బుగ్యాల్ కూడా అప్పటికి పచ్చిక బయలుగా మారిపోతుంది. అయితే ఆ అడవుల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎర్రగా విరబూసే బురాన్ష్ చెట్లు చూడదగ్గవి. అది ఆ రాష్ట్ర వృక్షం కూడా. మే రెండో పక్షంలో హిమాచల్ ప్రదేశ్‌లోని పార్వతీ లోయ పైన, 4,200 మీటర్లు దాటిన సార్ పాస్ అనే కనుమ మీద మంచు బాగానే ఉంటుంది. జూన్ వచ్చేసరికి మనాలి వైపు పచ్చని లోయ నుంచి లాహౌల్ వైపు ఎండు లోయలోకి దించే హంప్టా పాస్ (సుమారు 4,270 మీటర్లు), ఇంకా కఠినమైన రూపిన్ పాస్ (సుమారు 4,650 మీటర్లు) నడకలకు తెరుచుకుంటాయి. మంచు మీద ఇంతవరకు అడుగు పెట్టని నలుగురికి రూపిన్ పాస్‌కు వెళ్ళమని మాత్రం నేను చెప్పను. మీకు సార్ పాస్ సరిపోతుంది. అంత ఎత్తు కూడా వద్దనుకుంటే, చుట్టూ మంచు శిఖరాలు కనబడుతూ దారి మాత్రం చాలావరకు నేల మీదే సాగే హర్ కీ దూన్ లోయ మేలు. హర్ కీ దూన్‌కు డెహ్రాడూన్ నుంచి కొండ రోడ్డు మీద ఒక పగలంతా జీపులో ప్రయాణించాలి కనుక, వెళ్ళిరావడానికి పట్టే రోజులను కూడా సెలవుల్లో లెక్క వేసుకోండి.

ప్రశ్న: నిరుడు జూన్‌లో మా బృందం హంప్టా పాస్‌కు వెళ్ళింది. గైడు తెల్లవారకముందే లేపి, మధ్యాహ్నం లోపు నడక ముగించాలని తొందరపెట్టాడు. ఎండ ఎక్కాక హాయిగా నడవవచ్చు గదా అని మాలో కొందరు విసుక్కున్నారు. ఆ తొందర నిజంగా అవసరమా? – ఒక బ్యాంకు ఉద్యోగి, నల్లగొండ

జవాబు: నిజంగానే అవసరం. ఈ కాలంలో కొండ ఎక్కేవారు అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

కరిగే కాలంలో మంచు పగలంతా ఒకే తీరుగా ఉండదు. పగటి ఎండకు పైపొర కరిగి, ఆ నీరు మంచు పలుకుల మధ్యకు ఇంకుతుంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేసి మళ్ళీ గడ్డ కడుతుంది. తెల్లవారేసరికి ఆ పొర మనిషి బరువును మోసేంత గట్టిగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ మెత్తబడి, మధ్యాహ్నానికి అదే చోట కాలు మోకాలి లోతు దిగబడుతుంది. రాత్రంతా మబ్బు కమ్మి ఉంటే ఆ వేడి పైకి పోక మంచు గడ్డ కట్టదు. మబ్బు రాత్రి మన నల్లగొండలో ఉక్క పోయడానికి కూడా కారణం ఇదే. కనుక మబ్బు రాత్రి తర్వాతి ఉదయం ఎంత త్వరగా బయలుదేరినా మంచును పూర్తిగా నమ్మడానికి లేదు. మంచి గైడు నిద్రకు ముందు ఒకసారి, లేవగానే మరోసారి ఆకాశం చూస్తాడు.

కాలు దిగబడితే నడక అలసట మాత్రమే అనుకుంటే పొరపాటు. కరిగిన నీరు లోపలి పొరల దాకా చేరితే వాటి మధ్య పట్టు సడలి, వాలు మీది తడి మంచు ఒక్కసారిగా జారుతుంది. తూర్పు ముఖంగా ఉన్న వాలుకు ఎండ ముందు తగులుతుంది కాబట్టి అక్కడ ప్రమాదం ఉదయమే మొదలవుతుంది. దక్షిణపు వాలుకు ఆ తర్వాత, పడమటి వాలుకు మధ్యాహ్నం దాటాక వంతు వస్తుంది. ఎవరూ కదపకుండానే పైనుంచి చిన్న చిన్న మంచు ఉండలు దొర్లుకుంటూ రావడం, మునుపు మోసిన చోట కాలు దిగబడడం, రాతి గోడల నుంచి రాళ్ళు రాలడం కనబడితే ఆ వాలు కింద నిలబడి ఫొటోలు తీసుకోకూడదు. రాత్రి మంచు బిగించి పట్టుకున్న రాళ్ళను ఎండ విడిపిస్తుంది. తెల్లవారుజామున ఇబ్బంది వేరే రకంగా ఉంటుంది: మంచు అద్దంలా గట్టిపడి కాలు జారుతుంది. అందుకే బూట్ల కింద ఇనుప ముళ్ళ గొలుసులు, అంటే మైక్రోస్పైక్స్, తొడుగుతారు. కనుమ అవతలి వాలు మరీ నిటారుగా ఉంటే, పైపొర కొంచెం మెత్తబడేదాకా ఆగి దిగడం కూడా తెలివైన పనే.

మంచు వంతెనలు ఇంకొక సంగతి. వాగు మీద చలికాలంలో పేరుకున్న మంచును అడుగున పారే నీరు కోస్తూ ఉంటుంది. పైనుంచి చూస్తే తెల్లగా, చదునుగా, భద్రంగానే కనిపిస్తుంది. మధ్య భాగం మాత్రం పలచబడి ఉంటుంది. కింద నీటి చప్పుడు వినిపించినా, ఉపరితలం కొద్దిగా కుంగినట్టు లేదా రంగు మారినట్టు ఉన్నా, దాని మీద కాలు పెట్టకుండా వేరే చోటు వెతకాలి. తప్పదనుకుంటే కర్రతో గుచ్చి చూస్తూ, సంచి నడుము పట్టీ విప్పుకుని, ఒకరి తర్వాత ఒకరుగా దాటాలి. పెద్ద బండరాళ్ళ పక్కన కూడా ఇదే అపాయం: రాయి ఎండకు వేడెక్కి తన చుట్టూ మంచును లోలోపల కరిగిస్తుంది కనుక, బండను పట్టుకుని నడుద్దామని దగ్గరకు పోయినవారి కాలు ఆ ఖాళీలోకి పోయి మడమ విరుగుతుంది. రాతికి రెండు మూడు అడుగుల దూరంగా నడవాలి.

ఇక వాగుల సంగతి. మన దుందుభి గానీ మూసీ గానీ ఎగువన వాన పడితేనే పొంగుతుంది కాబట్టి, మబ్బు లేని రోజున నీరు పెరుగుతుందని మనకు తట్టదు. అక్కడ మాత్రం ఆకాశం ఎంత నిర్మలంగా ఉంటే వాగు అంత పొంగుతుంది. మధ్యాహ్నపు ఎండకు కరిగిన నీరు కిందికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి ప్రవాహం సాయంత్రానికి పెరిగి, తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. పొద్దున మోకాలి కిందికి ఉన్న వాగు సాయంత్రం నడుము దాకా రావచ్చు. దాటేటప్పుడు ఇరుకైన చోటు దగ్గరి దారిలా కనిపించినా, నీరు పాయలుగా విడిపోయి వెడల్పుగా పారే చోటునే ఎంచుకోవాలి. వట్టి కాళ్ళతో దిగకూడదు, ఎందుకంటే ఆ చల్లదనానికి పాదాలు క్షణాల్లో మొద్దుబారి కింది రాయి తెలియదు. సంచి నడుము పట్టీ విప్పి, ప్రవాహం వచ్చే వైపు ముఖం పెట్టి, కర్ర ఊతంగా పక్కకు అడుగులు వేయాలి. నీరు మోకాలి పైకి వచ్చి వేగంగా ఉంటే ఇవతలి ఒడ్డునే గుడారం వేసుకుని మర్నాడు పొద్దున దాటాలి.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్ళ మీద నిలబడి ఉన్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన సంగతి మన ప్రాంతంలో ఎవరూ మరిచి ఉండరు. అవి ఎగువ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్ళు. మంచు కరిగే రోజుల్లో ఆ నదుల మీద ఎక్కడ ఏ గేటు ఎప్పుడు ఎత్తుతారో కింద ఉన్నవారికి తెలియదు కనుక, నడక దారిలోనే కాదు, బస్సు ఆగిన చోట కూడా నది గర్భంలోకి దిగవద్దు.

ప్రశ్న: నా వయసు 52, మావారికి 58. ఆయన బీపీ మాత్రలు వేసుకుంటారు. మే నెలలో కేదార్‌నాథ్‌కు నడిచి వెళ్ళాలని మొక్కుకున్నాం. ఊపిరి ఆడదంటారు, నిజమేనా? హెలికాప్టర్‌లో వెళ్తే ఆ బాధ ఉండదా? – ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, కేదార్‌నాథ్ ఆలయం 3,583 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలిలో మనకు అందే ప్రాణవాయువు సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే. నడక మొదలయ్యే గౌరీకుండ్ సుమారు 1,980 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి, ఒక్క రోజులో 1,600 మీటర్లు ఎక్కి అక్కడే పడుకుంటారన్నమాట. మూడు వేల మీటర్లు దాటాక నిద్రపోయే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్ల కన్నా పెంచకూడదని పర్వత వైద్యులు చెప్పే నియమంతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. హెలికాప్టర్ కాళ్ళ నొప్పులు తప్పిస్తుంది గానీ, శరీరానికి అలవాటు పడే సమయాన్ని ఇంకా తగ్గిస్తుంది. ఈ విషయంలో నడకే నయం.

ఎత్తు పడకపోతే సాధారణంగా చేరిన కొన్ని గంటల తర్వాత తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. అంతమాత్రమే అయితే ఇంకా పైకి వెళ్ళకుండా విశ్రాంతి తీసుకుంటే చాలామందికి తగ్గుతుంది. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, ఆగని దగ్గు, మాట తడబడడం, గీత గీసి దాని మీద నడవమంటే తూలడం కనబడితే అది ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరుతున్న సూచన. అర్ధరాత్రి అయినా సరే కిందికి దింపాలి. ప్రాణవాయువు సిలిండరు, మందులు ఆ దిగే దారిలో తోడు మాత్రమే. ఎసిటజోలమైడ్ అనే మాత్రను ముందు జాగ్రత్తగా ఇస్తారు కానీ, సల్ఫా మందులు పడనివారికీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ అది సరిపడకపోవచ్చు. మీవారి బీపీ మాత్రల చీటీ చూపించి మీ డాక్టరుగారినే అడగండి. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్రలు వేసుకోవద్దు. సోన్‌ప్రయాగ్ లేదా గౌరీకుండ్‌లో రాత్రి పడుకుని, తెల్లవారుజామున బయలుదేరి, వీలైతే దారిలో ఒక రాత్రి ఆగి వెళ్ళండి. ఆలయం తెరిచిన మొదటి వారాల్లో దారి కొన్ని చోట్ల తవ్వి తీసిన మంచు గోడల మధ్య సాగుతుంది. అక్కడ ఆగకుండా, మధ్యాహ్నం లోపే దాటిపోవాలి. చార్‌ధామ్ యాత్రకు ముందుగా పేరు నమోదు చేసుకోవడం తప్పనిసరి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. వచ్చే ఏడాది ట్రెక్కింగ్‌కు వెళ్ళాలని ఉంది. మన దగ్గర మంచు లేదు, పెద్ద కొండలూ లేవు. ఎక్కడ, ఎలా సాధన చేయాలి? – ఒక విద్యార్థి, వనపర్తి

జవాబు: కొండలు లేవని నిరాశ పడకండి. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ రాతి మీద తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీదే. మీకు దగ్గరలో ఘనపురం కోట, కోయిలకొండ కోట, అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం మెట్లు ఉన్నాయి. చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర నిజానికి మంచి పరీక్ష: అక్కడ ముందు లోయలోకి దిగి, అలసిన కాళ్ళతో తిరిగి పైకి ఎక్కాలి. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి జాతర రోజులు కాని సమయంలో అనుమతి లేకుండా ఆ అడవిలోకి పోకూడదు.

వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున వేగంగా నడవడం, ఒక రోజు సంచిలో నీళ్ళ సీసాలు నింపుకుని గుట్ట ఎక్కి దిగడం మూడు నెలలు చేయండి. దిగడాన్ని నిర్లక్ష్యం చేయకండి. మెత్తని మంచులో దిగేటప్పుడు తొడ కండరాలు, మోకాళ్ళు అలసిపోయాకే చాలామంది జారి పడతారు. పాలమూరు ఎండలకు ఓర్చినవాడికి కొండ ఎత్తు ఒక లెక్కా అని మిత్రులు అనవచ్చు. ఎండకు తట్టుకునే అలవాటు ఎత్తుకు పనికిరాదు. ఎత్తుకు అలవాటు పడడం అక్కడికి వెళ్ళాకే జరుగుతుంది. ఈ విద్యను గంభీరంగా నేర్చుకోవాలనుకుంటే ఉత్తరకాశిలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ, డార్జిలింగ్‌లోని హిమాలయన్ పర్వతారోహణ సంస్థ సుమారు నాలుగు వారాల ప్రాథమిక శిక్షణ ఇస్తాయి. మంచు గొడ్డలితో జారుడును ఆపుకోవడం అక్కడ చేతులారా నేర్పిస్తారు.

ప్రశ్న: బట్టలు, బూట్లు, కళ్ళజోడు విషయంలో ఏం చూసుకోవాలి? నూలు బట్టలు పనికిరావంటారు, ఎందుకు? – ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: గద్వాల వారికి నూలు వద్దని చెప్పడం సాహసమే గానీ, చెప్పక తప్పదు. నూలు చెమటను పీల్చుకుని త్వరగా ఆరదు. చల్లగాలిలో ఆ తడి ఒంటి వేడిని లాగేస్తుంది. ఒంటికి ఆనుకుని ఉండేది పాలిస్టర్ లేదా ఉన్ని బనియన్ కావాలి. దాని మీద వెచ్చని కోటు, అన్నిటి మీద గాలిని, నీటిని ఆపే జాకెట్టు వేసుకోండి. బూట్లు కొత్తవైతే నెల ముందు నుంచే తొడుక్కుని నడవండి. మంచు బూట్లలోకి పోకుండా పిక్కల మీద కట్టే గెయిటర్లను మధ్యాహ్నపు మెత్తని మంచు కోసం ఉంచుకోండి.

కళ్ళజోడు విషయంలో పొదుపు చేయవద్దు. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగినప్పుడల్లా ఆ కిరణాలు దాదాపు పది శాతం ఎక్కువవుతాయి. కళ్ళకు రక్షణ లేకుండా ఒక పూట నడిస్తే సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట పుట్టి, ఒకటి రెండు రోజులు కళ్ళు తెరవలేరు. ఆ కిరణాలను పూర్తిగా ఆపే, పక్కలు మూసి ఉన్న అద్దాలే కొనండి. మబ్బు రోజున కూడా తీయకండి. ఎండ కింది నుంచి కూడా కొడుతుంది కాబట్టి క్రీము ముక్కు కిందా, గడ్డం కిందా రాయాలి.

ప్రశ్న: మా అబ్బాయి మిత్రులతో కలిసి ఒక ట్రెక్కింగ్ సంస్థ ద్వారా జూన్ మొదటి వారంలో వెళ్తానంటున్నాడు. వద్దనాలా, పంపాలా? – ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: వద్దనకండి, కానీ డబ్బు కట్టే ముందు కొన్ని సంగతులు అడగనివ్వండి. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి వెళ్ళిన ఒక బృందం మంచు తుఫానులో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. మనకు రోహిణి కార్తె ఎండలు కాసే రోజులు అవి. కింద వేసవి కదా, పైన కూడా వేసవే అని అనుకోవడం ఈ కాలంలో జరిగే పొరపాట్లలో పెద్దది.

కాబట్టి గైడుకు పర్వతారోహణ శిక్షణ ఉందా, ఒక్కొక్క గైడుకు ఎంతమంది ఉంటారు, వెంట ప్రాణవాయువు సిలిండరు, స్ట్రెచరు తీసుకువెళ్తారా, అటవీ శాఖ అనుమతి ఉందా అని అడగండి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: పైకి చేరినా చేరకపోయినా, ఏ గంటకు వెనక్కి తిరుగుతారు? దానికి సూటిగా గంట చెప్పగలిగిన సంస్థను నమ్మవచ్చు. ‘అది అప్పటి పరిస్థితిని బట్టి’ అని దాటవేసేవారితో, ‘శిఖరం గ్యారంటీ’ అని ప్రకటించేవారితో పంపవద్దు. అదనంగా రెండు రోజుల సెలవు ఉంచుకోమనండి. తిరుగు రైలు టికెట్టు తప్పిపోతుందన్న ఆత్రంతో చెడ్డ వాతావరణంలో కనుమ దాటడానికి ప్రయత్నించేవారు ఎక్కువ. వాతావరణ శాఖ సూచనలతో పాటు, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో పరిధిలోని డీజీఆర్‌ఈ అనే కేంద్రం ఇచ్చే మంచు చరియల హెచ్చరికలను కూడా చూసుకోమని చెప్పండి.

ప్రశ్న: దారిలో నీళ్ళు అయిపోతే మంచు తినవచ్చా? కరిగిన నీరు శుభ్రమే కదా? – ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: మంచు తినడం దండగ. గ్రాము మంచును నీరుగా మార్చడానికే, గ్రాము నీటిని సున్నా నుంచి సుమారు 80 డిగ్రీల దాకా కాచేంత వేడి కావాలి. అది మీ ఒంట్లోంచే పోతుంది, దొరికే నీరు గుక్కెడు కూడా ఉండదు. కరిగి పారే నీరు చూడడానికి తేటగా ఉన్నా, పైన గొర్రెల మందలు, కంచర గాడిదలు తిరిగే దారులు ఉంటాయి కాబట్టి శుభ్రమని చెప్పలేం. నాలుగు వేల మీటర్ల ఎత్తున నీరు సుమారు 87 డిగ్రీలకే మరుగుతుంది. ప్రెషర్ కుక్కర్ లేకపోతే అక్కడ పప్పు ఉడకక సతాయిస్తుంది గానీ, క్రిములు చావడానికి ఆ వేడి చాలు. మూడు నిమిషాలు మరగనిస్తే సరిపోతుంది. వంటచెరుకో గ్యాసో పొదుపు చేయాలనుకుంటే క్లోరిన్ మాత్రలు వాడండి. అయితే నీరు మంచులా చల్లగా ఉన్నప్పుడు అవి నెమ్మదిగా పనిచేస్తాయి కాబట్టి, అట్ట మీద రాసిన దానికన్నా ఎక్కువసేపు ఆగి తాగండి.